రెండు ఫ్రేములూ ఒంటి సీటూ

టీ కప్పు కింద పెట్టుకోవడానికి జాగా లేని ఇంట్లో మనిషన్నవాడు ఎన్నాళ్ళు బతుకుతాడో చెప్పండి.

ఇంగ్లండులో విల్లెన్‌హాల్ అనే ఊళ్ళో నోరిస్ పార్జెటర్ ఇంట్లో వంటింటి బల్ల ఉంది. చిన్న బల్లేం కాదు, ఆరుగురు సుఖంగా కూర్చుని తినొచ్చు. కాకపోతే దాని నడిమధ్య ఒక మోటార్‌సైకిల్ ఇంజను కూర్చుని ఉంటుంది. కాబట్టి నోరిస్ ఒక పక్కా, అతని భార్య గ్లెనిస్ ఇంకో పక్కా కూర్చుంటారు. ఉప్పు కావాలంటే ఇంజను మీదుగా చెయ్యి చాపాలి. ఎదురుగా ఉన్నది భార్యేనా అన్న సంగతి గొంతుని బట్టి పోల్చుకోవాలి.

ఈ ఇబ్బంది గురించి రోజూ సణిగేది గ్లెనిస్ అనుకుంటున్నారేమో. కాదు, నోరిసే.

"ఈ ఇంట్లో కప్పు పెట్టుకునే చోటు లేదు" అన్నాడు ఆ రోజు పొద్దున కూడా.

"ఇంజను తీసెయ్" అంది ఇంజను అవతల నుంచి గ్లెనిస్.

"ఎక్కడ పెట్టను? ముందు గది నిండా ఫ్రేములున్నాయిగా."

"ఫ్రేములు తీసెయ్."

"ఎలా తీస్తాను? ఇంకా తేల్చలేదుగా."

ఈ తేల్చకపోవడం పదకొండేళ్ళుగా నడుస్తోంది.

నోరిస్ తాళాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. బతుకంతా తాళాలు చేశాడు గానీ, గ్లెనిస్ దగ్గర దాచిన రహస్యం ఒక్కటీ తాళంలో నిలవలేదు. పెళ్ళికి ముందు అతనికొక ట్రయంఫ్ మోటార్‌సైకిల్ ఉండేది. ఫ్యాక్టరీకి వేసవి సెలవులివ్వగానే గ్లెనిస్‌ని వెనక కూర్చోబెట్టుకుని వేల్స్‌లో సముద్రపొడ్డున ఉన్న బార్మత్‌కి పోయేవాడు. దారంతా వాన. గ్లెనిస్ అతని కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, అతని వీపుకి చెంప ఆనించి కూర్చునేది. బార్మత్ చేరాక గోడ మీద కూర్చుని, కాగితంలో చుట్టిన చేపా చిప్సూ తినేవాళ్ళు. అక్కడా వానే.

పిల్ల పుట్టాక బండి మూలపడింది. దాని ఫ్రేముని నోరిస్ తన బావమరిది హోరేస్‌కి, "కోళ్ళ దడికి పనికొస్తుంది పట్టుకుపో" అని ఇచ్చేశాడు. ఇంజను మాత్రం ఉంచుకున్నాడు. ఎందుకంటే ట్రయంఫ్ కంపెనీ ఇంజనుని నార్టన్ కంపెనీ ఫ్రేములో పెట్టించి ప్రత్యేకంగా ఒక బండి కట్టుకోవాలని వాళ్ళ కాలపు కుర్రాళ్ళందరికీ ఉన్న పిచ్చే అతనికీ ఉంది. ఒక ఇంటి ఇంజను, ఇంకో ఇంటి ఫ్రేము. కులాంతర వివాహంలాంటిది. కుదిరితే లోకమంతా తిరిగి చూస్తుంది.

పెళ్ళికూతురు సిద్ధంగా ఉంది. చిక్కల్లా పెళ్ళికొడుకులతో వచ్చింది. ఒకడు చాలడా? నోరిస్ ఇద్దరిని తెచ్చి ముందు గదిలో పెట్టాడు. ముందు గదంటే క్రిస్మస్‌కీ, చావుకీ తప్ప ఎవరూ తలుపు తియ్యని గది. అందులో గ్లెనిస్ వాళ్ళమ్మ ఇచ్చిన పింగాణీ టీ సెట్టు అద్దాల బీరువాలో ఉంటుంది. దాని ముందు, బీరు డబ్బాల పెట్టెల మీద, రెండు నార్టన్ ఫ్రేములు.

ఒకటి వెడల్పాటిది. పై గొట్టాలు రెండూ ఎడంగా పోతాయి. వాటి మీద పెట్రోలు ట్యాంకు రాజులా పడుకుంటుంది. చూడ్డానికి దానంత అందమైంది ఇంకోటి లేదు. కానీ దానిమీద కూర్చుంటే నోరిస్ మోకాళ్ళు కప్ప మోకాళ్ళవుతాయి, పాదాలు నేలకి అందవు.

రెండోది సన్నటిది. సీటు దగ్గరికి వచ్చేసరికి గొట్టాలు లోపలికి నొక్కుకుంటాయి. మోకాళ్ళు దగ్గరికొస్తాయి. పాదాలు హాయిగా నేలకి ఆనుతాయి. పొట్టివాళ్ళకి ప్రాణం లేచొచ్చే ఫ్రేము.

"అయితే సన్నటిది తీసుకో. పొట్టివాడివేగా" అంది గ్లెనిస్ మొదటి ఏడే.

"నేను పొట్టి కాదు. నేల దూరంగా ఉంది."

"పదకొండేళ్ళుగా నువ్వు పోలుస్తున్నది ఫ్రేముల్ని కాదు నోరిస్. నీ కాళ్ళని."

ఈ మాట ఆవిడ మొదటి ఏడు అనలేదు లెండి, పదకొండో ఏడు అంది. మొదటి ఏడు ఆవిడ ఇంజనుకి ఒక ఉన్ని తొడుగు అల్లింది, టీ చల్లారకుండా కుండకి అల్లినట్టే. చలికి కాదు. చూడలేక.

ఇక హోరేస్ గురించి. గ్లెనిస్ తమ్ముడు. ఊళ్ళో చుక్కల హోరేస్ అంటారు. ఎక్కడ నిలబడితే అక్కడ ఒక నూనె చుక్క వదలందే కదలడు. బండి లేకుండా నడిచొచ్చినా సరే. చర్చిలో నోరిస్ వాళ్ళ కూతురి పెళ్ళి ఫొటోలో కూడా అతని బూట్ల దగ్గర ఒక చుక్క ఉంది.

"బావా, రెండింట్లో ఏదో ఒకటి తేల్చి అక్కని ఓసారి తిప్పుకురారాదూ" అనేవాడు వచ్చినప్పుడల్లా.

"నీకు బండ్ల గురించేం తెలుసురా?"

"నాకేం తెలీదు బావా. నడుపుతాను, అంతే."

ఇలాంటివాళ్ళతో వాదన పెట్టుకోవడం నోరిస్‌కి చిన్నతనం.

ఇలా ఉండగా గ్లెనిస్ తుంటి మొరాయించింది. డాక్టరు చూసి, కీలు మార్చాలన్నాడు. మార్చాక నడక బాగుంటుందట, మెట్లు ఎక్కొచ్చట. కాలు అంతెత్తున లేపి బండి ఎక్కడం మాత్రం ఇక మర్చిపోవాలట.

ఆ సాయంత్రం టీ దగ్గర గ్లెనిస్ ఇంజను పక్కకి తల వంచి అతని మొహం చూసింది. అంత శ్రమ పడి ఆవిడ అతని మొహం చూసి చాలా కాలమైంది.

"నోరిస్, ఆపరేషన్‌కి ముందు ఒక్కసారి బార్మత్ తీసుకెళ్తావా? బండి మీద. నీ వెనక."

"దానికేం భాగ్యం" అన్నాడు నోరిస్.

అనేసి, తువ్వాళ్ళ అల్మారా గుర్తొచ్చి గతుక్కుమన్నాడు.

ఆ అల్మారా కథేమిటంటే, ఏ ఫ్రేము అన్నది తేల్చుకోలేకపోయినా, సీటు సంగతి నోరిస్ ఎప్పుడో తేల్చేసుకున్నాడు. పందెం బండ్లకి ఉంటుందే, వెనక చిన్న మూపురం లేచి ఉండే ఒంటి సీటు. నల్ల తోలు, మెత్తటి కుట్లు. జోడు సీటు పెడితే ఆ వంపంతా పాడైపోతుందని అతని బాధ. రహస్యంగా చేయించి, వేడినీళ్ళ బాయిలర్ పక్కన తువ్వాళ్ళు ఆరే అల్మారాలో, అడుగున దాచాడు. ఆ అల్మారా తలుపు అతనెన్నడూ తెరవలేదు. కాబట్టి ఇంట్లో ఇంకెవరూ తెరవరని అతని లెక్క.

ఇప్పుడు ఆవిడతో సీటు ఒకరికే అని చెప్పలేడు. జోడు సీటు పెట్టించడానికి చేతులు రావు. తను వద్దనకూడదు, ఆవిడే వద్దనాలి. మొగుళ్ళ బుర్రలో పుట్టే పథకాలన్నీ ఇక్కడే పుడతాయి.

"గ్లెనిస్, నీ సుఖం కోసమే ఈ పరీక్ష" అన్నాడు శనివారం. "రెండు ఫ్రేముల మీదా నువ్వు నా వెనక కూర్చుని చూడాలి. ఏది బాగుంటే అది."

"నన్నడుగుతున్నావా?" అంది గ్లెనిస్. ఏదో అనుమానంతో కాదు, నిజంగానే ముచ్చటపడి. తర్వాత ఎన్నోసార్లు నోరిస్‌కి గుర్తొచ్చింది ఆ మొహమే.

ముందు గదిలో ఏర్పాటు చేశాడు. తన చోట మెత్తటి దిండు. ఆవిడ చోట పాత పెట్టెలోంచి ఊడదీసిన చెక్క. చెక్కకి ఒక పక్క మేకు తల కొద్దిగా లేచి ఉంది. అది పొరపాటు. మిగిలిందంతా పథకం.

గ్లెనిస్ మంచి కోటు వేసుకొచ్చింది. తలకి స్కార్ఫ్ కట్టుకుంది. ముక్కుతూ, సోఫా చెయ్యి మీద ఎక్కి, అక్కణ్ణుంచి వెడల్పాటి ఫ్రేము మీదికి చేరింది.

"ఎలా ఉంది?"

"బావుంది."

"గట్టిగా లేదూ?"

"చర్చి బెంచీ కంటే నయం."

నోరిస్ ఫ్రేముని అటూ ఇటూ కుదిపాడు. "రోడ్డు మీద గతుకులు ఇలా ఉంటాయి మరి."

"గతుకులు నాకు కొత్తా? నీతో కాపురం చేశాను."

ఇంకాస్త గట్టిగా కుదిపాడు. "వేల్స్ కొండల మీద గాలి ఇలా..."

"నోరిస్, నీ నడుం చుట్టూ చేతులు చాలట్లేదేమిటి? అప్పట్లో చాలేవి" అంటూ ఆవిడ అతని వీపుకి చెంప ఆనించింది.

నోరిస్ చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఆగినవి ఆగినట్టే ఉంటే ఈ కథ రాయాల్సిన పనుండేది కాదు. కానీ తువ్వాళ్ళ కింద ఆ సీటు, దాని నల్ల తోలు, ఆ మూపురం కళ్ళ ముందు మెదిలాయి. ఇంకొక్క కుదుపు కుదిపాడు.

బీరు డబ్బాల పెట్టె జారింది. లావాటి పెళ్ళికొడుకు సన్నటి పెళ్ళికొడుకు మీద పడ్డాడు. సన్నవాడు బీరువా మీద పడ్డాడు. బీరువా అత్తగారి టీ సెట్టుని ఒక్కో కప్పు చొప్పున, లెక్క అప్పగించినట్టు, తివాచీ మీదకి దించింది. ఆఖరున టీ కుండ దొర్లుకుంటూ వచ్చి నోరిస్ మోకాలి దగ్గర ఆగింది. మూత ఇంకా దాని మీదే ఉంది.

ఇద్దరూ తివాచీ మీద ఉన్నారు. గ్లెనిస్ నవ్వుతోంది. పగలబడి నవ్వుతోంది, స్కార్ఫ్ ఊడిపోయి.

"తుంటికేం కాలేదుగా?" అన్నాడు నోరిస్ భయపడి.

"లేదు."

ఇక్కడ మంచివాడైతే నోరు మూసుకుంటాడు. నోరిస్ అవకాశం చూశాడు. "చూశావా? నీ తుంటికి ఇది ప్రమాదం గ్లెనిస్. నా మనసొప్పదు."

నవ్వు ఆగింది. ఆవిడ అతన్ని కాసేపు చూసింది.

"ప్రమాదమే" అంది.

"వచ్చే వేసవికి చూద్దాంలే. నువ్వు కోలుకున్నాక."

"అలాగే" అంది.

ఆవిడ ఇంత తేలిగ్గా 'అలాగే' అనడం పెళ్ళయ్యాక ఇది రెండోసారి. మొదటిసారి అన్నాక వారం తిరిగేసరికి ఆవిడ వాళ్ళమ్మ వచ్చి తొమ్మిదేళ్ళు ఉంది. నోరిస్‌కి ఆ సంగతి గుర్తు రావాల్సింది. రాలేదు. తన తెలివికి తనే మురిసిపోతూ పింగాణీ ముక్కలు ఊడ్చాడు.

ఆ తర్వాత నోరిస్‌కి ఊపిరాడని పని. తన మోటార్‌సైకిల్ క్లబ్బు వాళ్ళందర్నీ నెల తర్వాత ఒక ఆదివారం పొద్దున ఇంటికి రమ్మని పిలిచాడు. ఫ్రేము సంగతి పంచాయితీలో తేలిపోవాలి. వాళ్ళకి చూపించడానికి ముందు గదిలో గొట్టాలు తోమాడు, కోణాలు కొలిచాడు, నిలువు చూడ్డానికి తూకపు గుండుకి దారం కట్టి వేలాడదీశాడు. తినడం కూడా అక్కడే, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని. శనివారాలు పాత సామాన్ల సంతకి పోయేవాడు.

గ్లెనిస్ మాత్రం ఇంజనుకి కొత్త తొడుగు అల్లింది. పాతదానికంటే మందంగా, కింద దాకా.

"బావుంది" అన్నాడు నోరిస్ తలుపు దగ్గర నుంచే.

"నచ్చిందా? సంతోషం" అంది.

ఆదివారం వచ్చింది. క్లబ్బు పెద్దలు బూట్లు గుమ్మంలో విప్పి, మేజోళ్ళతో ముందు గదిలో నిలబడ్డారు. పొట్టలు లోపలికి పీల్చి మరీ నిలబడాల్సి వచ్చింది. వాదన మొదలైంది. వెడల్పాటిదానికి అందం ఉంది, సన్నటిదానికి బుద్ధి ఉంది అన్నారు. అందం ఎన్నాళ్ళుంటుందన్నారు. బుద్ధి ఎవడిక్కావాలన్నారు. చేతులెత్తితే సరిసమానంగా వచ్చాయి. ఒకాయన రెండు చేతులూ ఎత్తాడు.

"ఇంజను తెచ్చి రెండింట్లో పెట్టి చూద్దాం" అన్నాడు అధ్యక్షుడు. "జోడీ పక్కపక్కన నిలబడితే తెలిసిపోతుంది."

అందరూ వంటింట్లోకి నడిచారు. నోరిస్ పెళ్ళికూతురి ముసుగు తీసే పెద్దమనిషిలా బల్ల దగ్గర నిలబడి, తొడుగు పైకి లాగాడు.

లోపల రేకు రొట్టెల డబ్బా ఉంది. దానికి అటూ ఇటూ రెండు ఇటుకలు, ఒక బంగాళాదుంపల సంచి. అన్నీ కలిపి దూరం నుంచి చూస్తే అచ్చం ఇంజనే. దగ్గర నుంచి అతనెప్పుడూ చూడలేదు.

అధ్యక్షుడు డబ్బా మూత తీశాడు. అందులో ఎండుద్రాక్షల కేకు ఉంది, ముక్కలుగా కోసి సిద్ధంగా. ఇంటికొచ్చిన వాళ్ళకి గ్లెనిస్ మర్యాదలో లోటు రానివ్వదు.

పెళ్ళికూతురు లేచిపోయింది.

అప్పుడు వినపడింది వీధిలో ఆ చప్పుడు. ముందు ఒక దగ్గు, తర్వాత లోతుగా, గుండెల్లోంచి వచ్చినట్టు. ముప్ఫయ్యేళ్ళు దాటింది ఆ గొంతు విని. వంటింటి బల్ల మీద అది ఎన్నడూ నోరు విప్పలేదు. ఎలా విప్పుతుంది? అతను అడిగితే కదా.

నోరిస్ మేజోళ్ళతోనే బయటికి పరిగెత్తాడు.

హోరేస్ బండి పట్టుకుని నిలబడ్డాడు. తన ఇంజనే. ఉన్నది మాత్రం పాత ట్రయంఫ్ ఫ్రేములో. కోళ్ళ దడికిచ్చిన ఫ్రేము. ముప్ఫయ్యేళ్ళకి పైగా కోళ్ళు దాని మీద కూర్చుని ఏం చేయాలో అవి చేశాయి. అదంతా గోకి, నల్ల రంగేశాడు హోరేస్. పైన పొడుగాటి జోడు సీటు.

పక్కన గ్లెనిస్. మంచి కోటు, తలకి హెల్మెట్.

"నా ఇంజను" అన్నాడు నోరిస్.

"నువ్వు సంతకి వెళ్ళినప్పుడు చక్రాల బండిలో పట్టుకుపోయాం బావా" అన్నాడు హోరేస్. "తిరగడానికి ఒప్పుకోలేదు మొదట. అక్క వచ్చి నాలుగు మాటలంది. తిరిగింది."

"చెప్పాపెట్టకుండానా?" అన్నాడు నోరిస్ భార్యతో.

"నువ్వు చెప్పావా?" అంది గ్లెనిస్. గొంతులో కోపం లేదు, నోరిస్‌ని బాధపెట్టింది అదే. "తువ్వాళ్ళ కింద దొరికింది నోరిస్. ఇస్త్రీ పెట్టినంత శుభ్రంగా చుట్టి పెట్టావు. బావుంది సీటు. చెయ్యి పెట్టి చూశాను. ఒక్కరికే సరిపోతుంది."

క్లబ్బు పెద్దలు కేకు ముక్కలు నములుతూ ఆకాశం వైపు చూశారు.

"పరీక్ష పెట్టక ముందే చూశాను" అంది ఆవిడ. "అయినా కూర్చున్నాను. నువ్వే మనసు మార్చుకుంటావేమో అని."

నోరిస్ తన మేజోళ్ళ వైపు చూసుకున్నాడు.

"సరే, ఎక్కు" అంది గ్లెనిస్. "స్తంభంలా నిలబడకు. నువ్వు నడుపు, నేను వెనక. ఎండ కూడా ఉంది, ఎంతసేపుంటుందో."

హోరేస్ ఇంకో హెల్మెట్ అందించబోయాడు. అంతే. అది తీసుకుని తలకి పెట్టుకుంటే అయిపోయేది.

నోరిస్ వంగి ఫ్రేము మెడ దగ్గర చూశాడు. అలవాటు. ముందు గొట్టం కొంచెం వంగినట్టుంది. లేక కళ్ళకి అలా అనిపిస్తోందా. ఈ ఫ్రేము మలుపుల్లో ఊగుతుందని క్లబ్బులో నలుగురైదుగురు అంటారు. నార్టన్‌తో పోలిస్తే...

"ఒక్క నిమిషం" అన్నాడు. "కొలిచే టేపు తెస్తాను."

టేపు ముందు గదిలో లేదు. వంటింట్లో ఉంది, బంగాళాదుంపల వెనక. వెతికి, దుమ్ము దులిపి, బయటికొచ్చేసరికి వీధి ఖాళీగా ఉంది. అతను నిలబడ్డ చోటికి ఎదురుగా రోడ్డు మీద నూనె చుక్క ఒకటుంది. దూరంగా మలుపు దగ్గర ఆ గొంతు ఇంకా వినపడుతోంది. అది ఊగుతున్నట్టు లేదు. తిన్నగానే పోతోంది.

క్లబ్బు పెద్దలు ఒక్కొక్కరే బూట్లు వేసుకున్నారు. రెండు చేతులూ ఎత్తినాయన మాత్రం భుజం తట్టి, "వెడల్పాటిదే మంచిదనుకుంటాను" అన్నాడు.

పొద్దు వాలే వేళకి అక్కాతమ్ముళ్ళు తిరిగొచ్చారు. గ్లెనిస్ బూట్లలోంచి ఇసుక రాలింది. ముక్కు ఎండకి కమిలింది. అతని కోసం కాగితంలో చుట్టిన చిప్స్ తెచ్చింది, చల్లారిపోయి మెత్తబడ్డాయి. నోరిస్ అన్నీ తిన్నాడు. ఖాళీ బల్ల దగ్గర ఒకరి ఎదురుగా ఒకరు కూర్చున్నారు. టీ కప్పులు పెట్టుకోవడానికి ఎక్కడ పడితే అక్కడ జాగా. మొహం తిప్పుకోవడానికి మాత్రం ఇప్పుడు అడ్డంగా ఏమీ లేదు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"మలుపుల్లో ఊగిందా అని అడుగు. ఆ ప్రశ్నే నీ మనసులో ఉంది."

"ఊగిందా?"

"కొంచెం. బావుంది." ఆవిడ కప్పు తిప్పుతూ కూర్చుంది. "గోడ కూడా ఉంది, అలాగే. వాన పడలేదు. అంతా బావుంది నోరిస్. పట్టుకున్న నడుమే వేరేవాళ్ళది. హోరేస్ కోటు జేబుల్లో చేతులు పెడితే స్పానర్లు తగిలాయి."

ఆపరేషన్ అయింది. కర్ర సాయంతో గ్లెనిస్ చక్కగా నడుస్తోంది. కాలు మాత్రం అంతెత్తు లేవదు, డాక్టరు చెప్పినట్టే. నోరిస్ ఒంటి సీటుని అల్మారాలోంచి తీసి చెత్తబండిలో వేశాడు. దాని చోట తువ్వాళ్ళు సర్దాడు, వంకరగా.

కథ ఇక్కడితో ఆగితే ఇబ్బంది లేదు. కానీ మొన్న టీ తాగుతూ గ్లెనిస్ అంది, "పక్కన సైడ్‌కార్ తొట్టి బిగించిన బండైతే నేను కూర్చోవచ్చట. డాక్టర్ని అడిగాను."

ఆ మాటకి నోరిస్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం. చూసినవాళ్ళున్నారు. "తీసుకెళ్తాను" అన్నాడు. "ఈ వేసవే."

ఇంజను హోరేస్ షెడ్డులో సిద్ధంగా ఉంది, పాత ఫ్రేములో. దానికే తొట్టి బిగిస్తే సరిపోతుందని హోరేస్ అంటాడు. కానీ తొట్టి బరువుకి ఆ పాత గొట్టం ఆగుతుందా అని నోరిస్‌కి సందేహం. నార్టన్ ఫ్రేములకి తొట్టి పడదని క్లబ్బులో సగం మంది, సన్నటిదానికి పడుతుందని మిగతా సగం. తొట్లలో కూడా రెండు రకాలున్నాయి. ఒకటి పడవలా ఉంటుంది, ఒకటి పెట్టెలా ఉంటుంది. నిన్న రెండూ వచ్చి ముందు గదిలో చేరాయి. తను చేస్తున్నదేమిటో నోరిస్‌కి తెలుసు. తెలిసీ టేపు కింద పెట్టలేకపోతున్నాడు. గ్లెనిస్ రోజూ కిటికీలోంచి ఎండ ఉందో లేదో చూస్తోంది. ఆగస్టు సగం అయిపోయింది.

కాబట్టి అయ్యా, అమ్మా, మీలో కాస్త లోకజ్ఞానం ఉన్నవాళ్ళెవరైనా ఆ మనిషికి ఏం చెయ్యాలో చెప్పి పుణ్యం కట్టుకోండి. ఏ ఫ్రేమైనా సరే, ఏ తొట్టైనా సరే. ఒక్కటే చెప్పండి. దండం పెడతాను, రెండు మాత్రం చెప్పకండి.